కోర్టు పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం: నల్లగొండ, పాలమూరు వైపు తెలిసినవాళ్లు చెప్పండి

డిండి_అలలు
అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను మూడేళ్లుగా నల్లగొండలో రూమ్ తీసుకుని ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నా. వయసు 27. ఆయనది జడ్చర్ల దగ్గర ఊరు, ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు. మా కులాలు వేరు. మేం బీసీ, వాళ్లు ఎస్సీ. వాళ్లింట్లో ఒప్పుకున్నారు. మా ఇంట్లో అమ్మకు తెలుసు, నాన్నకు ఇంకా చెప్పలేదు.

మేమిద్దరం కోర్టు పెళ్లే చేసుకుందామనుకున్నాం. పంతులు, ఫంక్షన్ హాలు, కట్నం, బరాత్ ఏవీ వద్దు. మా అక్క పెళ్లికి నాన్న చేసిన అప్పు ఇప్పటికీ తీరలేదు. ప్రతి పంట డబ్బులోంచి మిత్తి కట్టడం కళ్లారా చూస్తున్నా. నా కోసం ఇంకో అప్పు చేయనివ్వను.

నా ప్రశ్నలు: నల్లగొండ కోర్టుకు వెళ్లాలా, జడ్చర్లలోనా? అమ్మానాన్న సంతకం ఉండాలా? ఒక్క రోజులో అయిపోతుందా? అమ్మకు ఇంకో భయం ఉంది, ఇలా చేసుకుంటే మా భూమిలో నాకు వాటా పోతుందని ఎవరో చెప్పారట. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గడియారం_సెంటర్
చెల్లీ, ముందు ఒక మాట. అందరం కోర్టు పెళ్లి అంటాం కానీ అది కోర్టులో జరగదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది. ఇళ్లు, ప్లాట్ల రిజిస్ట్రేషన్లు చేసేది కూడా అక్కడే. పెళ్లిళ్ల విషయంలో ఆ అధికారినే మ్యారేజ్ ఆఫీసర్ అంటారు. కోర్టు ఆవరణలో తిరిగితే ఎవరో ఒకరు పట్టుకుని పదివేలు అడుగుతారు. అటు పోవద్దు.

ఒక్క రోజులో మాత్రం కాదు. నెల పైనే పడుతుంది.

పిల్లలమర్రి_నీడ
మేం ఇలాగే చేసుకున్నాం, ఆరేళ్లయింది. మాది మతాలు వేరైన పెళ్లి కాబట్టి మాకు ఇదొక్కటే దారి. ముందు పెళ్లి చేసుకోబోతున్నామని నోటీసు ఇచ్చాం. ముప్పై రోజులు ఆగాం. తర్వాత ముగ్గురు సాక్షులతో వెళ్లి సంతకాలు పెట్టాం. మొత్తం ఇరవై నిమిషాలు. చలానా కట్టింది వందల్లోనే. మాకు ఎక్కువ ఖర్చయింది బస్సు చార్జీలకు, జిరాక్సులకు, సాక్షులుగా వచ్చిన దోస్తులకు పెట్టిన బిర్యానీకి.

నోటీసు ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అటెండర్ మా ఫొటోలున్న కాగితం తీసుకెళ్లి, వేలితో జిగురు రాసి బోర్డుకు అంటించాడు. పక్కనే ఎవరిదో భూమి వేలం ప్రకటన. మా మొహాలు అట్లా గోడ మీద చూసేసరికి గుండె దడదడలాడింది. ఆ నెల రోజుల్లో ఆఫీసు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా అటు తల తిప్పి చూసేదాన్ని. ఎండకు కాగితం పచ్చబడింది, ఒక మూల లేచిపోయింది. ముప్పై రోజులు అయ్యాక ఎవరూ అభ్యంతరం పెట్టలేదని చెప్తే అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

పాలమూరు_వకీలమ్మ
నేను మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీసు చేస్తాను. మీ ప్రశ్నలు ఒక్కొక్కటీ చెప్తానమ్మా.

మీరు అడిగేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. కులం ఏదైనా, మతం ఏదైనా, మతం మార్చుకోకుండా పెళ్లి చేసుకునే చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరికీ బతికున్న భర్త గానీ భార్య గానీ ఉండకూడదు. ఇష్టపూర్వకంగా ఒప్పుకునే మానసిక స్థితి ఉండాలి. నిషేధిత బంధుత్వం ఉండకూడదు. అంతే. అమ్మానాన్న సంతకం అవసరమని చట్టంలో ఎక్కడా లేదు. ఎవరైనా అడిగితే ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాసివ్వమనండి.

ఎక్కడ అంటే, మీ ఇద్దరిలో ఒక్కరైనా నోటీసు ఇచ్చే రోజుకు ముందు కనీసం 30 రోజులు ఏ జిల్లాలో ఉన్నారో అక్కడి మ్యారేజ్ ఆఫీసర్ దగ్గర. మీరు నల్లగొండలోనే ఉంటున్నారు కాబట్టి అక్కడే ఇవ్వొచ్చు. ఇంకొకరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు కాపీ అక్కడి ఆఫీసుకు పంపి, అక్కడి బోర్డు మీద కూడా పెడతారు. అంటే మీ నోటీసు మహబూబ్‌నగర్ జిల్లాలో కూడా కనిపిస్తుంది. 2016లో జిల్లాలు విడిపోయాక చాలామంది ఆధార్‌లో పాత జిల్లా పేరే ఉండిపోయింది. నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట వాళ్లు ముందే సరిచూసుకోండి. అక్కడికి వెళ్లాక తిప్పి పంపుతారు.

నోటీసు ప్రచురించిన 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కానీ ఏ అభ్యంతరం పడితే అది చెల్లదు. వయసు చాలలేదు, ఇప్పటికే పెళ్లయింది, ఇట్లా పైన చెప్పిన షరతులు తప్పాయని చెప్పాలి. "మా కులం కాదు", "మాకు ఇష్టం లేదు" అనేవి అభ్యంతరాలే కావు. నిజమైన అభ్యంతరం వస్తే ఆఫీసర్ 30 రోజుల్లో విచారించి తేల్చాలి. కాదంటే జిల్లా కోర్టుకు అప్పీలు ఉంది.

భూమి గురించి అమ్మగారిని భయపడవద్దనండి. ఇద్దరూ హిందువులే అయితే 1976లో చేర్చిన 21ఎ సెక్షన్ ప్రకారం మీ వారసత్వం మామూలు హిందూ వారసత్వ చట్టం కిందే ఉంటుంది. మన దగ్గర ఎన్టీఆర్ హయాంలో, 1986లోనే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ చట్టం వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఎవరిని చేసుకున్నారన్నది చూసి ఆ వాటా తీసేయలేరు. భార్యాభర్తల మతాలు వేరైతే మాత్రం లెక్క మారుతుంది, వాళ్లకు భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. పెళ్లితో ఎవరి కులమూ మారదు, అది కూడా గుర్తుంచుకోండి.

కందిచేను
నా అనుభవం కాదు, మా చిన్నమ్మ కూతురిది. ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నా.

ఆఫీసు బయట కూర్చునే ఒకాయన 100 రూపాయల బాండ్ పేపర్ మీద "మేమిద్దరం ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం" అని టైపు కొట్టించి, నోటరీ ముద్ర వేయించి, కోర్టు పెళ్లి అయిపోయింది పొమ్మన్నాడు. ఎనిమిది వేలు తీసుకున్నాడు. పాపం పిల్ల ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచుకుంది. రెండేళ్ల తర్వాత వాడు వదిలేసి, మన పెళ్లే కాలేదు పో అన్నాడు. స్టేషన్‌కు పోతే ఆ కాగితం చూసి ఇది పెళ్లి కాదమ్మా అన్నారు. చెల్లె చేతులు వణకడం నేను చూశాను. అప్పటికి కడుపుతో ఉంది.

అమ్మాయిలూ, నోటరీ కాగితం పెళ్లి కాదు. దయచేసి గుర్తుపెట్టుకోండి.

పాలమూరు_వకీలమ్మ
కందిచేను గారు చెప్పింది అక్షరాలా నిజం. వారానికి ఒక్కటైనా ఇలాంటి కేసు నా దగ్గరకు వస్తుంది. మీ చెల్లెల్ని జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. బిడ్డ విషయంలో కూడా ఆమెకు హక్కులు ఉన్నాయి, నిరాశపడొద్దనండి.

దీనికి దగ్గరగా ఉండే ఇంకో పొరపాటు ఉంది. కొందరు హిందూ వివాహ చట్టం కింద, గుళ్లో గానీ ఇంట్లో గానీ ఏ తంతూ జరపకుండా, నేరుగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుంటారు. వీసా తొందరలో ఇట్లా చేసేవాళ్లు ఎక్కువ. ఆ చట్టంలో తంతు జరగాలి, రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. తంతు లేకుండా సర్టిఫికెట్ ఉన్నా పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. ప్రత్యేక వివాహ చట్టంలో అలా కాదు, ఆఫీసర్ ముందు జరిగేదే పెళ్లి. ఈ తేడా తెలియక చాలామంది దెబ్బతింటున్నారు.

మూసీ_ఒడ్డు
నేను ఆడపిల్ల తండ్రిని. కాస్త వేరే మాట చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు.

నా బిడ్డ పెళ్లికి అర ఎకరం అమ్మాను. తప్పు చేశానని ఈనాటికీ అనుకోవడం లేదు. ఊరంతా వచ్చింది. మా అమ్మ, ఎనభై దాటిన మనిషి, మనవరాలికి తలువాలు పోసింది. ఆ తర్వాత ఆరు నెలలకే పోయింది. పెళ్లి అంటే ఇద్దరి సంతకాలే కాదు బిడ్డా, రేపు మీకు కష్టం వస్తే నిలబడే నలుగురు ఆ రోజు పందిట్లో కూర్చుంటారు. ఆఫీసులో ముగ్గురు సాక్షులు సంతకం పెట్టి వెళ్లిపోతారు. మీ నాన్నకు చెప్పకుండా చేసుకుంటే ఆయన లోపల ఏం పడతాడో నాకు తెలుసు. కులం గురించి నేను మాట్లాడటం లేదు. చెప్పమని మాత్రమే అంటున్నాను.

పిల్లలమర్రి_నీడ
అన్నా, మీ మాట మనసుకు తాకింది. కానీ చెప్పే పరిస్థితి అందరి ఇళ్లలో ఉండదు. మా ఇంట్లో చెప్పిన రోజే నా ఫోన్ లాగేసుకున్నారు.

అమ్రాబాద్_అడవి
చెప్పాలా వద్దా అనేది ఇంటిని బట్టి ఉంటుంది అన్నా. మనం ఉన్నది ఎక్కడో మరిచిపోవద్దు. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ఏం జరిగిందో అందరం చూశాం. ఆస్పత్రి నుంచి బయటకు వస్తుంటే, కులం వేరని ప్రణయ్‌ను, కడుపుతో ఉన్న భార్య కళ్లముందే నరికారు. నల్లగొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో వచ్చింది, ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. తీర్పు రావడానికి ఆరున్నరేళ్లు పట్టింది. పోయిన ప్రాణం మాత్రం రాలేదు.

నా దోస్తుకు జరిగింది చెప్తా. వాళ్ల నోటీసు బోర్డు మీద పెట్టిన నాలుగో రోజు, ప్లాటు పని మీద ఆఫీసుకు వచ్చిన ఊరాయన ఒకాయన చూసి ఫొటో తీసి అమ్మాయి బాబాయికి పంపాడు. సాయంత్రానికి రెండు బండ్లలో వచ్చి అమ్మాయిని తీసుకుపోయారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏం కాలేదు, హైకోర్టు దాకా పోయి అమ్మాయిని తెచ్చుకున్నారు. ఈ ముప్పై రోజుల నోటీసు మంచికి పెట్టారేమో కానీ, మనలాంటి చోట ప్రాణాల మీదకు తెస్తోంది. అలహాబాద్ హైకోర్టు 2021లో, ఇద్దరూ కోరితేనే నోటీసు ప్రచురించాలని చెప్పింది. అది ఉత్తరప్రదేశ్‌లో. మన దగ్గర బోర్డు మీద పెడుతూనే ఉన్నారు.

చెల్లీ, ఆ నెల రోజులు ఎక్కడ ఉంటావో, ఎవరికి ఫోన్ చేస్తావో ముందే రాసిపెట్టుకో.

పాలమూరు_వకీలమ్మ
అమ్రాబాద్ గారు చెప్పిన భయం ఉత్తిది కాదు. అందుకే ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది, ఇంట్లో వాళ్లు ఎలాంటివాళ్లని.

ప్రమాదం ఉందనిపిస్తే ఒక దారి ఉంది. ఇద్దరూ హిందువులే అయితే గుళ్లోనో ఆర్య సమాజంలోనో తంతుతో పెళ్లి చేసుకుని, ఫొటోలు, సాక్షులతో హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. దానికి ముప్పై రోజుల నోటీసు ఉండదు. ఆర్య సమాజం పెళ్లిళ్లకు 1937 నుంచే చట్టం ఉంది. మతాలు వేరైన వాళ్లకు ఈ వెసులుబాటు లేదు, వాళ్లు నోటీసు ఇవ్వాల్సిందే.

మేజర్లు ఇష్టపడి చేసుకుంటే వేధించకుండా కాపాడాల్సిన బాధ్యత పోలీసులదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. 2018 మార్చిలో ఇంకా గట్టిగా, ఇలాంటి జంటలకు రక్షణగా ఉండే ఇళ్లు, ప్రత్యేక సెల్‌లు పెట్టమని ఆదేశించింది. బెదిరింపు వస్తే ఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181. జిల్లా కేంద్రాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి, అక్కడ కొన్ని రోజులు ఉండొచ్చు కూడా.

సోమశిల_పడవ
వకీలమ్మ గారూ, నాది ఒక ప్రశ్న. నేను, మా మేనత్త కొడుకు. ఇద్దరి ఇళ్లలో ఇష్టమే. ఖర్చు ఎందుకని మేం కూడా ఇదే చట్టం కింద చేసుకుందామనుకుంటున్నాం. అవుతుంది కదా?

పాలమూరు_వకీలమ్మ
ఆగండమ్మా, ఇది చాలామందికి తెలియని సంగతి. ప్రత్యేక వివాహ చట్టం చివర నిషేధిత బంధుత్వాల పట్టిక ఉంది. మేనత్త, మేనమామ పిల్లలు కూడా అందులో ఉన్నారు. మన దగ్గర మేనరికం తరతరాల ఆచారం కదా అంటే, ఆచారానికి మినహాయింపు ఉన్నా ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలని అదే చట్టంలో రాశారు. కాబట్టి అక్కడ చిక్కు వస్తుంది. హిందూ వివాహ చట్టంలో మీ ఆచారం ఒప్పుకుంటే చాలు. ఊళ్లో గుళ్లో పుస్తె కట్టించుకుని, పది మందికి అన్నం పెట్టి, తర్వాత రిజిస్టర్ చేయించుకోండి. మీకు అదే సరైన దారి.

సోమశిల_పడవ
అమ్మో, మీరు చెప్పకపోతే నోటీసు ఇచ్చేవాళ్లం. చాలా థాంక్స్ మేడం. కురుమూర్తి గుట్ట మీద చేసుకుందామని అత్తమ్మ ఎప్పటి నుంచో అంటోంది, అక్కడే చేసుకుంటాం.

నకిరేకల్_నిమ్మ
డిండి గారూ, మీది ఎస్సీ–బీసీ పెళ్లి కాబట్టి కులాంతర వివాహ ప్రోత్సాహకం గురించి కూడా తెలుసుకోండి. ఇద్దరిలో ఒకరు ఎస్సీ అయితే రాష్ట్ర ప్రభుత్వం 2.5 లక్షలు ఇస్తుంది. ఇదివరకు 50 వేలే ఉండేది. జిల్లా ఎస్సీ అభివృద్ధి శాఖ ఆఫీసులో అడగండి. పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరి కుల ధ్రువపత్రాలు, జాయింట్ అకౌంట్ కావాలి. మాకు చేతికి రావడానికి చాలా కాలం పట్టింది, కానీ వచ్చింది. ఓపిక పట్టి వెంటపడాలి.

కాగితాల్లో ఇద్దరి పదో తరగతి మెమోలు ముఖ్యం, వయసుకు అదే రుజువు. మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా అని చూసుకోండి. నా మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. దాంతో రెండుసార్లు తిరిగాను. ముందు ఆధార్ సరిచేయించుకుని తర్వాత నోటీసు ఇవ్వండి.

డిండి_అలలు
అందరికీ పేరుపేరునా దండాలు. రాత్రంతా చదువుతూ కూర్చున్నా. గుడిలో చేసుకుని రిజిస్టర్ చేయించుకునే దారి మాకు సులువే. కానీ ఆయనకు ఒక పట్టుదల ఉంది. వాళ్ల తాతను ఊళ్లో గుడి మెట్లు ఎక్కనివ్వలేదట. "ఇప్పుడు నా అవసరానికి ఆ గుళ్లోకి వెళ్లి పెళ్లి చేసుకోలేను" అన్నాడు. ఆ మాట తర్వాత ఇక నేను ఇంకో దారి గురించి అడగలేదు. నోటీసే ఇస్తాం.

మూసీ ఒడ్డు అన్నా, మీ మాట నన్ను పట్టుకుంది. మా నాన్న చెయ్యి ఎత్తే మనిషి కాదు. అలుగుతాడు, మాట్లాడటం మానేస్తాడు, అంతే. ఎవరో ఫొటో తీసి పంపితే ఆయనకు తెలియడం నాకు ఇష్టం లేదు. నోటీసు ఇచ్చే ముందు నేనే వెళ్లి చెప్తాను. అమ్మ, మా చిన్నాయన ఇంట్లోనే ఉంటారు. ఆ రోజు నా దోస్తు దేవరకొండ బస్టాండులో ఉంటుంది, గంటగంటకూ ఫోన్ చేస్తుంది.

మూసీ_ఒడ్డు
వెళ్లు బిడ్డా. అన్నం తిన్నాక చెప్పు, ఆకలి మీద చెప్పొద్దు. ఆయన కోపంలో అన్న మాటలు లెక్కపెట్టుకోకు. ఏమైనా అయితే ఇక్కడ రాయి, నేను వచ్చి మాట్లాడతాను.

గడియారం_సెంటర్
ఇంకో సంగతి. నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో పెళ్లి కావాలి. దాటితే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. మా తమ్ముడి విషయంలో ఇంట్లో మైల వచ్చిందని వాయిదా వేస్తూ పోతే గడువు దాటిపోయింది. మళ్లీ నోటీసు, మళ్లీ ముప్పై రోజులు.

డిండి_అలలు
చాలా రోజుల తర్వాత వచ్చాను. పెళ్లయింది. అందరికీ చెప్పాలని అప్పటి నుంచి అనుకుంటున్నా, ఇవాళ కుదిరింది.

నాన్నకు చెప్పాను. అన్నం తిన్నాకే చెప్పాను అన్నా. ఆయన ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని లేచి బావి దగ్గరకు వెళ్లిపోయి చీకటి పడ్డాక వచ్చాడు. తెల్లారి నేను బస్సెక్కుతుంటే, "వాడు ఏం చేస్తడు?" అని ఒక్క మాట అడిగాడు. లెక్కల సారు అని చెప్పాను. అంతే. నెల రోజులు ఫోన్ లేదు. ఆ నెల ఎట్లా గడిచిందో నాకే తెలుసు. రోజూ నిద్ర లేవగానే లెక్కపెట్టుకునేదాన్ని, ఇవాళ పదకొండు, ఇవాళ పన్నెండు అని. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

పెళ్లి రోజు ఆయన వాళ్లు జడ్చర్ల నుంచి పొద్దున్నే బయలుదేరి కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా వచ్చారు. సాక్షులు ముగ్గురు కావాలి కదా. వాళ్ల వైపు అన్నయ్య, నా వైపు దోస్తు, మూడో మనిషి నా కొలీగ్. పది గంటలకు కొలీగ్ ఫోన్ చేసి, వాళ్ల బాబుకు జ్వరం, రాలేనంది. నాకు కాళ్లు ఆడలేదు. అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. అమ్మ దిగింది, వెనకే మా చిన్నాయన. నాకు చెప్పకుండా వచ్చారు. ఇద్దరి దగ్గరా ఆధార్ కార్డు ఉంది. చిన్నాయన సంతకం పెడతానన్నాడు. అమ్మ ఊరుకోలేదు. "నా బిడ్డకు నేనే సాక్షి" అంది.

లోపల ఆఫీసర్ మేడం మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టారు. ముందు డిక్లరేషన్ మీద మేమిద్దరం, సాక్షులు సంతకాలు పెట్టాం. తర్వాత ఒకరి పేరు పెట్టి ఒకరు చెప్పాలి, ఆ మాట చెప్తేనే పెళ్లి పూర్తయినట్టు. మనకు అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పొచ్చు అన్నారు. మేం తెలుగులో చెప్పాం. "నేను నిన్ను నా చట్టబద్ధమైన భర్తగా స్వీకరిస్తున్నాను." ముందు రోజు రాత్రి పదిసార్లు చదువుకున్నా, అక్కడ గొంతు రాలేదు. రెండోసారి చెప్పాను. రోజూ నలభై మంది పిల్లలకు గట్టిగా పాఠం చెప్పే మనిషి, ఆయనా తడబడ్డాడు.

చివర సర్టిఫికెట్ పుస్తకంలో సంతకాలు. అమ్మ బడికి పోలేదు. మహిళా సంఘంలో చేరాక సంతకం నేర్చుకుంది. వేలిముద్ర వేస్తావా అమ్మా అని గుమస్తా అడిగితే వద్దంది. పెన్ను గట్టిగా పట్టుకుని ఒక్కో అక్షరం రాసింది. మధ్యలో ఒక ఒత్తు మరిచిపోయి, ఆగి, కింద చిన్నగా పెట్టింది. వెనక లైన్లో ప్లాటు రిజిస్ట్రేషన్‌కు వచ్చినవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ తొందర చేయలేదు. మేడం కూడా ఆగారు.

బయట వేపచెట్టు కింద అమ్మ సంచి విప్పింది. పసుపు కలిపిన ఒడిబియ్యం, కుడుకలు, పోకలు, రవిక గుడ్డ. నేను చున్నీ కొంగు పట్టాను. ఐదు దోసిళ్లు పోసింది. చట్టానికి అవసరం లేదని వకీలమ్మ గారికి తెలుసు, నాకూ తెలుసు. అమ్మకు అవసరం. మా ఆయనకు కూడా ఇబ్బంది లేదు, కింద పడ్డ బియ్యం ఆయనే ఏరి కొంగులో వేశాడు.

నాన్న రాలేదు.

పిల్లలమర్రి_నీడ
చదువుతూ ఏడ్చేశాను. మీ ఇద్దరూ చల్లగా ఉండాలి. మా పెళ్లికి మా వైపు నుంచి ఎవరూ రాలేదు, అమ్మ సంతకం పెట్టిందంటే అది చిన్న విషయం కాదు.

మూసీ_ఒడ్డు
బిడ్డా, సంతోషం. మీ నాన్నకు ఆర్నెల్లు టైమివ్వు. పండక్కి ఫోన్ చేయి. ఎత్తకపోయినా చేయి. నేను మొన్న అన్న మాటలో ఒకటి దిద్దుకుంటున్నా. సాక్షులు సంతకం పెట్టి వెళ్లిపోతారు అన్నాను. మీ అమ్మలాంటి సాక్షి వెళ్లిపోయే మనిషి కాదు.

పాలమూరు_వకీలమ్మ
శుభాకాంక్షలు అమ్మా. సర్టిఫికెట్ చేతికి రాగానే పేర్లు, తేదీలు, ఊర్లు అక్షరం అక్షరం చూసుకోండి. తప్పుంటే వెంటనే చెప్తే సులువుగా సరిచేస్తారు, ఏళ్లు గడిచాక తిరగాల్సి వస్తుంది. ఒకటి స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి. ప్రోత్సాహకం దరఖాస్తు ఆలస్యం చేయొద్దు.

హాలియా_కాలువ
ఈ చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. వచ్చే నెల మా నోటీసుకు ముప్పై రోజులు నిండుతాయి. నాకిది రెండో పెళ్లి. మొదటి భర్త కరోనాలో పోయారు. ఏమైనా వేరే కాగితాలు కావాలా? నా పాపను తీసుకెళ్లొచ్చా లోపలికి?

పాలమూరు_వకీలమ్మ
ఆయన మరణ ధ్రువపత్రం కావాలి, ఒరిజినల్ తీసుకెళ్లండి. విడాకులైన వాళ్లయితే కోర్టు డిక్రీ కాపీ. పాపను తీసుకెళ్లండి, ఎవరూ వద్దనరు.

డిండి_అలలు
అక్కా, పాపను తప్పకుండా తీసుకెళ్లండి. ఆమెకు తినడానికి ఏమైనా పెట్టుకోండి, మాకు లోపలికి పిలిచేసరికి ఒంటిగంట దాటింది. అన్నీ రెండేసి జిరాక్సులు ముందు రోజే తీయించుకోండి. మేం వెళ్లిన రోజు కరెంటు పోయి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు పని చేయలేదు. సాక్షులను ముగ్గుర్ని కాదు, నలుగుర్ని పిలవండి.